బయటి పరిస్థితుల విశ్లేషణకు పెస్టెల్, ఐదు శక్తులు, స్వాట్, దృశ్య ప్రణాళిక: మీ నిర్ణయానికి ఏది సరిపోతుంది?

వడ్డీ రేటు, ప్రభుత్వ నిబంధన, ముడిసరుకు ధర, పోటీదారు ఎత్తుగడ, కస్టమర్ అలవాటు. ఇవేవీ వ్యాపారి చేతిలో ఉండవు. కానీ ఏడాది చివర లాభమా నష్టమా అన్నది చాలావరకు వీటివల్లే తేలుతుంది. వీటిని ఒక పద్ధతి ప్రకారం పరిశీలించడానికి అరడజను విధానాలున్నాయి. ఇబ్బందల్లా ఏమిటంటే, ఏ మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకం తెరిచినా అవన్నీ వరసగా కనిపిస్తాయి, అన్నీ మంచివే అన్నట్టు ఉంటాయి. అన్నీ చేస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. ఫైల్ లావవుతుంది, నిర్ణయం మాత్రం అక్కడే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతి అని అడిగే ముందు రెండు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం ఏమిటి? అది తప్పని తేలితే వెనక్కి రావడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ రెండూ స్పష్టంగా రాయగలిగితే పద్ధతి ఎంపిక సగం అయిపోయినట్టే. "మన వ్యాపార వాతావరణాన్ని అర్థం చేసుకోవాలి" అని రాశారంటే మాత్రం ఇంకా నిర్ణయం లేదన్నమాట. అప్పుడు ఏ పద్ధతి వాడినా ఒకటే.

మాట గాల్లో తేలిపోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. అట్టపెట్టెలు తయారుచేసే ఓ మధ్యస్థాయి యూనిట్. మిల్లుల నుంచి క్రాఫ్ట్ కాగితం (తరచుగా పాత కాగితంతోనే చేసే గట్టి రకం) కొంటుంది, పెట్టెలు చేసి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకూ ఫ్యాక్టరీలకూ సరఫరా చేస్తుంది. ఆర్డర్లు బాగున్నాయి. లోన్ తీసుకుని రెండో మెషిన్ కొనాలా వద్దా అన్నది యజమాని ముందున్న ప్రశ్న. లోన్ ఏడేళ్లు. మెషిన్ కొన్నాక నచ్చలేదని తిరిగి ఇచ్చేయలేరు.

పెస్టెల్: దూరం నుంచి వచ్చేవాటి కోసం

అన్నిటిలోకీ ఎక్కువమందికి తెలిసింది ఇదే. 1967లో హార్వర్డ్ అధ్యాపకుడు ఫ్రాన్సిస్ అగ్విలార్, సంస్థలు బయటి సమాచారాన్ని ఎలా సేకరిస్తున్నాయో అధ్యయనం చేస్తూ దాన్ని ఆర్థిక, సాంకేతిక, రాజకీయ, సామాజిక విభాగాలుగా చూపించాడు. తర్వాతి కాలంలో పర్యావరణం, చట్టం వచ్చి చేరి ఆరయ్యాయి. ఆ ఆరింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితేనే పెస్టెల్. పేరులో అక్షరాల వరస రకరకాలుగా మారింది గానీ లోపలి సరుకు అదే.

మనకేం సంబంధం అనుకునే మూల నుంచి వచ్చే దెబ్బను ముందే చూపించగలగడం దీని గొప్పతనం. 2018 జనవరి నుంచి చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతిని ఆపేసింది. వేరు చేయని పాత కాగితం కూడా ఆ జాబితాలో ఉంది. అప్పటిదాకా ప్రపంచంలో పాత కాగితాన్ని అందరికంటే ఎక్కువగా కొనేది చైనాయే. కొనేవాడు ఒక్కసారిగా తప్పుకోవడంతో అమెరికా, యూరప్‌లలో కలగాపులగంగా ఉండే పాత కాగితం ధర కుప్పకూలింది. ఆ కాగితం దారి మళ్లి వేరే దేశాల మిల్లులకు చేరింది. అట్టపెట్టెల ముడిసరుకు ధరను కదిలించిన ఆ నిర్ణయం వేరే దేశపు పర్యావరణ విధానం. పక్క యూనిట్ ఎంతకు అమ్ముతోందన్న దాని మీదే రోజంతా కన్నేసి ఉన్న యజమానికి అది కనబడే అవకాశమే లేదు.

అయితే పెస్టెల్‌కి హద్దంటూ ఉండదు, తిప్పలన్నీ అక్కడే. ఆరు గళ్లు గీసి ఇస్తే ఎవరైనా నింపేస్తారు. "సాంకేతికత వేగంగా మారుతోంది", "కస్టమర్ల అభిరుచులు మారుతున్నాయి", "ద్రవ్యోల్బణం పెరగవచ్చు". ఈ వాక్యాలు సబ్బుల కంపెనీకీ అతుకుతాయి, స్కూలుకీ అతుకుతాయి, సాఫ్ట్‌వేర్ సంస్థకీ అతుకుతాయి. ఇప్పుడైతే ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే నిమిషంలో ముప్పై పాయింట్లు వచ్చిపడతాయి, చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటాయి. గళ్లు నింపడం ఇంత తేలికయ్యాక ఆ నింపిన పట్టికను చూపించి "విశ్లేషణ చేశాం" అనడంలో అర్థం లేదు.

ఒక్క గడిని సరిగ్గా రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం. మామూలుగా రాసేది: "వడ్డీ రేట్లు పెరగవచ్చు." రాయాల్సింది: మన లోన్ ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌తో పాటు మారే వడ్డీ) మీద ఉంది, రేటు ఒక శాతం పెరిగితే నెల వాయిదా ఎంత పెరుగుతుంది, అది నెలకు మిగిలే మార్జిన్‌లో ఎంత భాగం, ఏ రేటు దగ్గర వాయిదా కట్టడానికి చేతి నుంచి వేసుకోవాల్సి వస్తుంది. ఆ చివరి అంకె తెలిశాకే "పెరగవచ్చు" అన్న మాటకు బరువు వస్తుంది. ఎంతవరకు ఊహించాలి అంటారా? అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కీలక వడ్డీ రేటు 2022 మార్చి మొదట్లో దాదాపు సున్నా. 2023 జూలై ఆఖరుకి అది 5.25-5.50 శాతం. పదహారు నెలల్లో అంత దూరం వెళ్లింది. అందుకని అర శాతం, ముప్పావు శాతం పెరిగితే ఏమవుతుందో లెక్క వేసి ఊరుకోకూడదు.

ఇంకో విషయం పుస్తకాల్లో పెద్దగా చెప్పరు. ఆరు గళ్లలో చట్టం గడికి ఉన్న విలువ మిగతావాటికి లేదు. రాజకీయం, సమాజం, సాంకేతికత అన్నీ అంచనాలే. చట్టానికి మాత్రం తేదీ రాసి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ కొత్త ప్యాకేజింగ్ నిబంధనలు 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం 2030 నుంచి ఆన్‌లైన్ ఆర్డర్లు పంపే పెట్టెల్లో ఖాళీ జాగా 50 శాతం దాటకూడదు. చిన్న వస్తువును పెద్ద పెట్టెలో పెట్టి కాగితం కుక్కి పంపే అలవాటు అక్కడితో సరి. మన ఉదాహరణలోని యూనిట్ ఆ మార్కెట్‌కు సరఫరా చేస్తుంటే దీని అర్థం చాలా నేరుగా ఉంటుంది. రాబోయే ఆర్డర్లలో సైజులు ఎక్కువ, ఒక్కో సైజులో సంఖ్య తక్కువ. ఒకే సైజును గంటకు వేలల్లో కొట్టే మెషిన్ కంటే, సైజు మార్చడానికి కొద్ది నిమిషాలు మాత్రమే తీసుకునే మెషిన్ మేలు. ఏడేళ్ల లోన్‌తో కొనే మెషిన్ విషయంలో ఈ ఒక్క ముక్క చాలు, పెస్టెల్‌కి పెట్టిన సమయం గిట్టుబాటు అయినట్టే.

కాబట్టి పెస్టెల్ చేస్తే ప్రతి అంశం పక్కన ఇవి రాయండి: మన లెక్కల్లో ఏ పద్దును తాకుతుంది, సుమారు ఎంత, ఎప్పటికి. రాయలేకపోతే ఆ అంశాన్ని కొట్టేయండి. ముప్పై అంశాల్లో నాలుగైదు మిగిలితే కంగారు పడాల్సిన పనేమీ లేదు, మామూలుగా అంతే మిగులుతాయి.

ఐదు శక్తులు: లాభం ఎవరి జేబులోకి పోతోంది?

హార్వర్డ్ అధ్యాపకుడు మైకేల్ పోర్టర్ 1979లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. పెస్టెల్ ప్రపంచాన్నంతా చూస్తే ఇది ఒక్క రంగాన్నే చూస్తుంది. ఆ రంగంలో పుట్టే లాభాన్ని సరఫరాదారులు, కొనుగోలుదారులు, కొత్తగా వచ్చేవాళ్లు, ప్రత్యామ్నాయాలు, ఉన్న పోటీదారులు ఎలా పంచుకుపోతున్నారన్నదే దీని ప్రశ్న. "పోటీ ఎలా ఉంది" అని అడిగితే చాలామంది తమలాంటి సరుకు అమ్మేవాళ్ల పేర్లు చెప్పి ఆపేస్తారు. మిగతా నాలుగు వైపుల నుంచి కూడా మార్జిన్ కారిపోతుంటుందని ఈ పద్ధతి గుర్తుచేస్తుంది.

మన అట్టపెట్టెల యూనిట్ మీద పెట్టి చూద్దాం. పెట్టె ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే. కాగితం ఇచ్చే మిల్లులు కొన్నే, అవి రేటు పెంచితే తర్వాతి లోడు నుంచే అమలు. పెట్టెలు కొనే కంపెనీతో మన రేటు ఒప్పందం మాత్రం ఏడాదికి. కొనేటప్పుడు వారానికో రేటు, అమ్మేటప్పుడు ఏడాదికో రేటు. ఆర్డర్లు నిండుగా ఉన్నా చేతిలో డబ్బు ఆడకపోవడానికి కారణం చాలాసార్లు ఈ తేడాలోనే దొరుకుతుంది.

కొనేవాళ్ల సంగతి ఇంకా కష్టం. సరుకులో సగం ఒక్క కంపెనీయే తీసుకుంటోందనుకోండి. రేటు తగ్గించమని వాళ్లు అడగడం పేరుకే, నిజానికి చెప్పేస్తారు. రెండో మెషిన్ వచ్చాక ఆ అదనపు సరుకు కూడా ఎక్కువగా వాళ్లకే వెళ్తే వాళ్ల పట్టు ఇంకా బిగుస్తుంది. మెషిన్ కొనడం వల్ల అమ్మకం పెరిగి, బేరమాడే శక్తి తగ్గుతుంది. బ్యాంకుకి ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో ఈ లెక్క ఎక్కడా కనిపించదు.

కొత్తవాళ్ల విషయంలో కొంత ఊరట ఉంది. మెషిన్ లోన్ మీద ఎవరైనా కొనొచ్చు కాబట్టి అడ్డుగోడ ఎత్తు తక్కువే. కానీ పెట్టె తేలిక, జాగా మాత్రం ఎక్కువ తింటుంది. లారీ నిండా వేసినా బరువు ఉండదు, కిరాయి మాత్రం పూర్తిగా పడుతుంది. అందుకే ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీ ఈ వ్యాపారంలో అంత సులభంగా దూరలేదు. దగ్గర్లో ఇంకో యూనిట్ వస్తుందా అన్నదే చూడాల్సింది. ప్రత్యామ్నాయం అనగానే ప్లాస్టిక్ కవరు గుర్తొస్తుంది. తిరిగి వాడే క్రేట్లు ఉన్నాయి. అంతకంటే పెద్ద ప్రత్యామ్నాయం అసలు పెట్టే లేకపోవడం: వస్తువు ఫ్యాక్టరీలో ప్యాక్ అయిన డబ్బా మీదే చిరునామా అతికించి పంపేయడం. పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు ఇప్పటికే కొన్ని వస్తువులకు ఇలా చేస్తున్నాయి.

ఇదంతా చూశాక యజమాని ప్రశ్నే మారుతుంది. "రెండో మెషిన్ కొనాలా" అన్నది కాస్తా "కాగితం ధర మారితే మన రేటు కూడా మారే షరతుకు ఒప్పుకునే కొత్త కస్టమర్లు ఇద్దరు ముగ్గురు దొరికితేనే కొనాలి" అవుతుంది. అంత నికార్సయిన జవాబు పెస్టెల్ ఒక్కటే ఇవ్వలేదు.

లోపాలూ ఉన్నాయి. ఐదు శక్తులు చూపించేది ఇవాళ్టి పరిస్థితి. రంగం హద్దు ఎక్కడ గీస్తారో అదే జవాబును నిర్ణయిస్తుంది, ఆ గీత తప్పితే మిగతాదంతా తప్పు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు సరఫరా అయ్యాయి. 2020లో ఆ సంఖ్య కోటికి కూడా చేరలేదు. హద్దును కెమెరా కంపెనీల చుట్టూ మాత్రమే గీసుకున్నవాళ్లకు ఆ పదేళ్లలో పోటీదారులెవరూ కొత్తగా కనిపించరు. ఫోన్ వేరే రంగంలో ఉంది మరి. అందుకే ప్రత్యామ్నాయాల గడి నింపేటప్పుడు "మనలాంటి సరుకు ఇంకెవరు అమ్ముతున్నారు" అని అడగొద్దు. "కస్టమర్ ఏ పని కోసం మన దగ్గరికి వస్తున్నాడు, ఆ పని ఇంకెలా అయిపోతుంది" అని అడగాలి.

యాప్, ప్లాట్‌ఫామ్ లాంటి వ్యాపారాలకు మరో లోటు కనిపిస్తుంది. ఫోన్‌కి యాప్‌లు ఎలాగో, కొన్ని వ్యాపారాలకు పక్కన ఉండి బలాన్నిచ్చే వేరే సరుకులుంటాయి. 1990ల మధ్యలో బ్రాండెన్‌బర్గర్, నేల్‌బఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ కోణాన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. పోర్టర్ మాత్రం 2008లో మళ్లీ రాసినప్పుడు దాన్ని ఆరో శక్తిగా ఒప్పుకోలేదు. ప్రభుత్వం, సాంకేతికత కూడా శక్తులు కావనీ, అవి ఉన్న ఐదింటి ద్వారానే లాభాన్ని ప్రభావితం చేస్తాయనీ అన్నాడు. ఈ వాదంలో ఎవరిది పైచేయి అన్నది పండితులకు వదిలేద్దాం. పనిచేసుకునేవాళ్లకు పోర్టర్ మాటలో ఒక మంచి కిటుకు ఉంది.

ఈ రెండిట్లో ఏది ముందు?

ఆ కిటుకు ఇది: పెస్టెల్‌లో రాసిన ప్రతి అంశాన్నీ తీసుకుని, ఇది ఐదు శక్తుల్లో దేన్ని కదిలిస్తుంది అని అడగండి. చైనా నిషేధం సరఫరాదారుల వైపు కదిలించింది. ఖాళీ జాగా నిబంధన కొనుగోలుదారుల అవసరాన్ని మారుస్తుంది, పాత మెషిన్లున్న పోటీదారులను ఇబ్బంది పెడుతుంది. దేన్నీ కదిలించని అంశం, అది ఎంత పెద్ద వార్త అయినా సరే, మీ నిర్ణయానికి అక్కర్లేదు. ఈ జల్లెడ పట్టాక రెండు పద్ధతులూ ఒకే పేజీలో ఇమిడిపోతాయి.

సమయం లేక ఒక్కటే చేయగలిగితే? ఇప్పటికే నడుస్తున్న వ్యాపారం, ఏడాది రెండేళ్లలో తేలిపోయే నిర్ణయం (రేటు పెంచాలా, కస్టమర్‌ని వదులుకోవాలా, కొత్త సరుకు తేవాలా) అయితే ఐదు శక్తులే. కొత్త దేశంలో అడుగుపెడుతున్నా, మందులు, ఆర్థిక సేవలు, విద్యుత్తు లాంటి నిబంధనల బరువున్న రంగమైనా, పదేళ్లు నిలిచే ఆస్తి కొంటున్నా ఆ ఒక్కటీ పెస్టెల్ కావాలి. ఎటూ తేల్చుకోలేకపోతే ఐదు శక్తులతో మొదలుపెట్టండి. అది అడిగే సమాచారం చాలావరకు మీ కొనుగోలు బిల్లుల్లో, అమ్మకాల ఖాతాలో ఇప్పటికే ఉంటుంది. పెస్టెల్‌కి కావాల్సింది బయట వెతకాలి.

స్వాట్: చివర్లో అయితే సరే

బయటి పరిస్థితుల విశ్లేషణ అనగానే చాలామంది స్వాట్ గీస్తారు. అది అందుకు పుట్టింది కాదు. దాన్లో నాలుగు గళ్లు: బలాలు, బలహీనతలు లోపలివి; అవకాశాలు, ముప్పులు బయటివి. బయటి రెండు గళ్లలో ఏం రాయాలో స్వాట్ చెప్పదు, ఇంకెక్కడో తేల్చుకుని తెచ్చి ఇక్కడ పెట్టాలి. మీటింగ్‌లో బోర్డు మీద స్వాట్ గీసి తోచింది రాస్తే వచ్చేది ఆ గదిలో గట్టిగా మాట్లాడేవాళ్ల అభిప్రాయమే.

టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రూక్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 20 కంపెనీలు స్వాట్‌ను ఎలా వాడాయో చూసి 1997లో ఫలితాలు ప్రచురించారు. పొడవాటి జాబితాలు, ప్రాధాన్యం తేల్చకపోవడం, ఆధారం లేని మాటలు మామూలే. వాటన్నిటికంటే పెద్ద సంగతి, వ్యూహం తయారుచేసే తర్వాతి దశల్లో ఒక్క కంపెనీ కూడా ఆ స్వాట్‌ను వాడుకోలేదు.

అయినా స్వాట్‌ని పూర్తిగా పారేయమనను. పై రెండు పద్ధతుల్లో తేలిన నాలుగైదు అంశాలను మన లోపలి సత్తాతో జత కలపడానికి అది పనికొస్తుంది. 1982లో మేనేజ్‌మెంట్ అధ్యాపకుడు హైంజ్ వైరిచ్ చూపిన తిరగేసిన రూపం ఇంకా మేలు: ఒక్కో ముప్పును ఒక్కో బలంతో, ఒక్కో అవకాశాన్ని ఒక్కో బలహీనతతో కలిపి "అయితే ఏం చేస్తాం" అని రాయించేది. ఆ జత కలిపే మెట్టు లేని స్వాట్‌కి కేటాయించే సమయం దండగ.

దృశ్య ప్రణాళిక: వెనక్కి రాలేని నిర్ణయాలకు

భవిష్యత్తు ఒక్కటే అనుకుని అంచనా వేయడం మానేసి, ఒకదానితో ఒకటి పొసగని మూడు నాలుగు భవిష్యత్తులను వివరంగా ఊహించి, ప్రతిదాన్లోనూ మన నిర్ణయం నిలుస్తుందా అని పరీక్షించడం ఈ పద్ధతి. దీనికి పేరు తెచ్చింది షెల్ చమురు కంపెనీ. 1970ల మొదట్లో ఆ కంపెనీలో ప్రణాళికలు చూసే పియర్ వాక్ బృందం చమురు ధర ఎగబాకే పరిస్థితిని యాజమాన్యం ముందు పెట్టింది. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు సరఫరా మీద ఆంక్షలు పెట్టాక, పీపా 3 డాలర్ల దగ్గరున్న ధర కొన్ని నెలల్లో 12 డాలర్ల దరిదాపులకు చేరింది. మిగతా కంపెనీలు తేరుకోకముందే షెల్ సర్దుకోగలిగింది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. వాక్ స్వయంగా చెప్పుకున్న ఇంకో ముక్క ఉంది. వాళ్లు తయారుచేసిన మొదటి విడత దృశ్యాలు ఎవరికీ ఉపయోగపడలేదు. అందరికీ తెలిసిన అనిశ్చితినే తీసుకుని ధర ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అన్నట్టు అంకెలు పెట్టి చూపించాయి. చూసిన మేనేజర్లకు నిర్ణయం తీసుకోవడానికి ఆధారమేమీ దొరకలేదు. ఇవాళ కూడా ఎక్సెల్ షీట్‌లో "మంచి, మామూలు, చెడ్డ" అని మూడు కాలమ్స్ పెట్టి దృశ్య ప్రణాళిక చేశామనుకునేవాళ్లే ఎక్కువ. అది ఒకే భవిష్యత్తుకు మూడు సైజులు.

మన యూనిట్‌కి నిజంగా వేరైన భవిష్యత్తులు ఇలా ఉండొచ్చు. ఒకదాన్లో ప్లాస్టిక్ మీద నిబంధనలు బిగిసి, పెట్టెలకు గిరాకీ పెరుగుతుంది, కాగితం దొరకడం కష్టమవుతుంది. మరోదాన్లో పెద్ద కొనుగోలుదారులు పై పెట్టెనే తీసేసి, మిగిలిన కొద్ది అవసరానికి సొంత యూనిట్లు పెట్టుకుంటారు. మొదటిదాన్లో మెషిన్ కంటే మిల్లుతో దీర్ఘకాల ఒప్పందం ముఖ్యం. రెండోదాన్లో మెషిన్ కొనడమే తప్పు. రెండిట్లోనూ నిలిచేది చిన్న ఆర్డర్లు, ఎక్కువ సైజులు చేయగల సామర్థ్యం. ఇలా ఏ భవిష్యత్తులోనైనా చెల్లే ఎంపిక ఒకటి బయటపడితే ఆ కసరత్తు ఫలించినట్టు.

ఇది ఖరీదైన పద్ధతి, డబ్బు కంటే కూడా యజమానుల సమయం పరంగా. కింది ఉద్యోగులకు అప్పగించి రిపోర్టు తెమ్మంటే ఫలితం ఉండదు. నిర్ణయం తీసుకునేవాళ్లే కూర్చుని తమ నమ్మకాలను తామే తడిమి చూసుకోవాలి. కాబట్టి వచ్చే ఏడాది సరిదిద్దుకోగల నిర్ణయాలకు దీన్ని వాడటం శుద్ధ దుబారా. ఫ్యాక్టరీ స్థలం, పదేళ్ల ఒప్పందం, టెక్నాలజీ మార్పు లాంటివాటికి మాత్రం వెనకాడొద్దు.

రెండు చిన్న పద్ధతులు, పెద్దవాళ్ల మధ్య నలిగిపోతుంటాయి

మొదటిది సరఫరా గొలుసు పటం. మన సరఫరాదారుడికి సరఫరా చేసేది ఎవరు, ఎక్కడి నుంచి, ఏ దారిలో అని గీసుకోవడం. ఐదు శక్తుల్లో సరఫరాదారుడి బేరమాడే శక్తి కనిపిస్తుంది గానీ అతని ఫ్యాక్టరీ వరద ప్రాంతంలో ఉందన్న సంగతి కనిపించదు. 2011లో థాయిలాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగితే ప్రపంచమంతటా కంప్యూటర్లు చేసేవాళ్లకు కొరత వచ్చింది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసింది. ముడిసరుకు ఒకటి రెండు చోట్ల నుంచే వచ్చే వ్యాపారాలు పెస్టెల్ కంటే ముందు ఈ పటం గీసుకోవాలని నా సలహా.

రెండోది నిరంతర నిఘా. బలహీన సంకేతాలను, అంటే పెద్ద మార్పుకు ముందు కనిపించే చిన్న చిన్న సూచనలను, ముందే పట్టుకోవాలన్న ఆలోచనను 1975లో వ్యూహ నిపుణుడు ఇగోర్ యాన్సాఫ్ ప్రతిపాదించాడు. ఏడాదికోసారి చేసే విశ్లేషణ మధ్యలో వచ్చే మార్పులను పట్టుకోలేదు కాబట్టి ఇది కావాలి. వినడానికి భారీగా ఉన్నా చిన్న వ్యాపారానికి ఒక పేజీ చాలు. ఏం చూడాలి, ఎవరు చూడాలి, ఏ గీత దాటితే మాట్లాడుకోవాలి అనే మూడు కాలమ్స్. మన యూనిట్‌కైతే పాత కాగితం ధర, మిల్లు సరుకు పంపడానికి తీసుకుంటున్న రోజులు, పెద్ద కస్టమర్ ప్యాకింగ్ సూచనల్లో మార్పులు, కొత్త నిబంధనల ముసాయిదాలు. "మిల్లు డెలివరీ పది రోజులు దాటితే స్టోర్ మేనేజర్ యజమానికి చెప్పాలి" అన్నంత విడమరిచి రాయాలి. గీత లేకుండా "గమనిస్తూ ఉండాలి" అని రాసినవాటిని ఎవరూ గమనించరు.

ఎవరికి ఏది?

ఇంకా మొదలుపెట్టని వ్యాపారమైతే ఐదు శక్తులు, అందులోనూ కొనుగోలుదారులు, ప్రత్యామ్నాయాల గళ్ల మీద ఎక్కువ సమయం పెట్టండి. ఆ తర్వాత పెస్టెల్‌లో చట్టం గడి ఒక్కటి చూస్తే చాలు, లైసెన్సులూ అనుమతులూ అక్కడే బయటపడతాయి.

బాగా నడుస్తున్న చిన్న వ్యాపారం, పెద్ద నిర్ణయమేదీ చేతిలో లేదు, అయినా బయట ఏం జరుగుతోందో అని టెన్షన్. ఇలాంటివాళ్లు విశ్లేషణ రిపోర్టు జోలికి వెళ్లకుండా నిఘా పేజీ తయారుచేసుకోవాలి. అందులో ఏదైనా గీత దాటినప్పుడు మిగతా పద్ధతుల సంగతి చూసుకోవచ్చు.

ఎగుమతులు చేసేవాళ్లకు, వేరే దేశంలో అడుగుపెట్టేవాళ్లకు పెస్టెల్ తప్పదు. అయితే దేశానికో పెస్టెల్ విడిగా చేయాలి. "విదేశీ మార్కెట్" అని ఒకే పట్టిక వేస్తే ఏ దేశానికీ సరిపోదు.

పెద్ద పెట్టుబడి, వెనక్కి రాలేని నిర్ణయం అయితే వరస ఇలా: ఐదు శక్తులు, వాటిలోంచి జల్లెడ పట్టిన పెస్టెల్, అందులో ప్రభావం ఎక్కువగా ఉండి ఎటు పోతుందో తెలియని రెండు అంశాలను తీసి వాటి మీద దృశ్యాలు. మన యూనిట్ యజమాని నడవాల్సిన దారి ఇదే.

కాలేజీ ప్రాజెక్టు కోసం చేస్తున్నవాళ్ల అవసరం వేరు. అక్కడ మార్కులు పద్ధతి చూపించినందుకు వస్తాయి కాబట్టి అన్నీ చేయండి, తప్పులేదు.

ఇక చివరి ఎంపిక: మీరే చేసుకోవాలా, కన్సల్టెంట్‌కి ఇవ్వాలా? పెస్టెల్ కోసం సమాచార సేకరణ, ముఖ్యంగా తెలియని దేశపు చట్టాల విషయం, బయటివాళ్లకు ఇవ్వడం మంచిదే. దృశ్య ప్రణాళికలో కూడా చర్చ నడిపించడానికి బయటి మనిషి ఉంటే మేలు, యజమాని ముందు ఉద్యోగులు అడగలేని ప్రశ్నలు అతను అడుగుతాడు. ఐదు శక్తులు మాత్రం ఎవరికీ అప్పగించొద్దు. మిల్లువాడు ఫోన్‌లో ఏ స్వరంతో మాట్లాడుతున్నాడో, పెద్ద కస్టమర్ కొనుగోలు మేనేజర్ ఈమధ్య ఎవరిని కలుస్తున్నాడో మీ అమ్మకాల మనిషికీ స్టోర్ మేనేజర్‌కీ తెలిసినంతగా ఏ కన్సల్టెంట్‌కీ తెలియదు. వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి ఒక మధ్యాహ్నం కేటాయించండి, ఖాతా పుస్తకాలు కూడా పక్కనే పెట్టుకోండి.